పాప డబ్బాలో మిగిలిన ఇడ్లీలు

ప్రశ్న: బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు, పేరు వేయవద్దన్నారు. ఆమెకు 35 ఏళ్లు, భర్తకు 38. సొంతూరు తెనాలి వైపు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కాడుగోడిలో ఉంటున్నారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. తొమ్మిదేళ్ల పాప నాలుగో తరగతి చదువుతోంది. అత్తగారు వీళ్లతోనే ఉంటారు, వంట చాలావరకు ఆవిడదే. ఏడాది కిందట ఆఫీసు హెల్త్ చెకప్‌లో భర్తకు ఫ్యాటీ లివర్ అని తేలింది. అప్పుడు ఆయన 94 కిలోలు. తండ్రి 54 ఏళ్లకే గుండెపోటుతో పోవడంతో ఆ రిపోర్టు చూసి ఆయన బాగా బెదిరిపోయారు. ఫోన్లో ఒక యాప్, వంటగట్టు మీద ఒక డిజిటల్ త్రాసు పెట్టుకుని, అన్నీ తూచి తిని పది నెలల్లో 79కి వచ్చారు.

"అంతవరకు సంతోషమే. ఇప్పుడు ఆ త్రాసు మా అందరి కంచాల దగ్గరికీ వచ్చింది" అని రాశారామె. ఆమె ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 72. తగ్గాలని ఆమెకూ ఉంది. గతంలో అన్నం, రొట్టెలు దాదాపు మానేసే కీటో డైట్ చేసి ఆరు కిలోలు తగ్గి, మళ్లీ అంతా పెరిగారు. ఇప్పుడు భర్త ఆమె ఫోన్లో కూడా యాప్ వేసి రోజుకి 1,200 క్యాలరీలని లెక్క పెట్టారు. రెండు వారాలు అలాగే తిన్నారు. సాయంత్రం ఆరింటికి కళ్లు తిరిగినట్టై, మెట్రో దిగగానే దర్శినిలో (నిలబడి తినే టిఫిన్ హోటల్లో) మైసూర్ బోండాలు తిని, ఆ సంగతి ఇంట్లో దాచారు. అది తెలిసి ఆయన "నీకు విల్ పవర్ లేదు" అన్నారు. అత్తగారు పులుసు దించగానే "ఎన్ని గరిటెల నూనె పోశావు?" అని అడుగుతుంటే ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటోంది. పోయిన వారం పాప టిఫిన్ డబ్బాలో రెండు ఇడ్లీలు అలాగే మిగిలి వచ్చాయి. ఎందుకు తినలేదని అడిగితే, "ఇడ్లీ అంతా కార్బ్సే (పిండిపదార్థాలే) అని నాన్న చెప్పారుగా, లావైపోతాను" అంది. "ఇంట్లో గొడవ లేకుండా నేనూ ఆయన లెక్క ప్రకారమే తినాలా? వద్దని గట్టిగా చెప్పాలా? నిజంగా నాదే బద్ధకమా? సంక్రాంతికి ఊరెళ్తుంటే త్రాసు కూడా బ్యాగులో పెడతానంటున్నారు, ఏం చేయను?" అని అడిగారు.

సమాధానం:

ముందుగా మీ ఆఖరి అనుమానం తీర్చేస్తాను, ఎందుకంటే అది మనసులో ఉంటే మిగతాదేదీ ఎక్కదు. మీది బద్ధకం కాదు. లెక్కే తప్పు.

మీ వయసు, ఎత్తు, బరువు బట్టి చూస్తే రోజంతా కదలకుండా మంచం మీద పడుకున్నా మీ ఒంటికి 1,350 క్యాలరీల పైనే కావాలి. ఆఫీసు, మెట్రో, ఇంటి పని కలిపితే 1,900 దాకా ఖర్చవుతాయి. మీవారు 94 కిలోలున్నప్పుడు ఆయన ఖర్చు సుమారు 2,500 ఉండి ఉంటుంది. మగవాళ్లకి కండ ఎక్కువ, ఒళ్లు పెద్దది, కాబట్టి ఊరికే కూర్చున్నా ఎక్కువే ఖర్చవుతుంది. ఆయన రోజుకి అయిదు వందలు తగ్గించుకున్నా 2,000 మిగిలాయి. దాంట్లో రెండు పూటలా కడుపునిండా తినొచ్చు. మీకు ఆయన పెట్టింది 1,200. అంటే ఒళ్లు ఊరికే బతకడానికి కావలసిన దానికంటే తక్కువ. సాయంత్రం ఆరింటికి కళ్లు తిరగక ఏమవుతుంది? ఆ బోండాలు తినిపించింది మీ ఆకలి, మీ బలహీనత కాదు. ఇద్దరూ ఒకే మోతాదులో నోరు కట్టుకుంటే ఇద్దరూ ఒకేలా తగ్గుతారనుకోవడం మీవారి పొరపాటు. మంచి మనసుతో చేసిందే అయినా పొరపాటే.

ఇక మీ ఉత్తరంలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: మీవారి భయం, మీ బరువు, పాప కంచం. మూడింటికీ ఒకే మందు వెతకడం వల్లే మీకు దారి కనబడడం లేదు. వీటిలో పాప సంగతి ఒక్క రోజు కూడా ఆగకూడనిది, అందుకని అక్కడే మొదలుపెడతాను.

తొమ్మిదేళ్ల పిల్లకి రోజుకి దాదాపు 1,700 క్యాలరీలు కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పాతిక కిలోల పిల్లకి మీతో పోటీపడేంత తిండి! ఎముక పెరగాలి, రక్తం పెరగాలి, ఇంకో రెండు మూడేళ్లలో ఒక్కసారిగా పొడుగు సాగాలి. ఆ సాగే ముందు చాలామంది ఆడపిల్లలు కాస్త బొద్దుగా అవుతారు. అది ఎదుగుదలకి ఒళ్లు చేసుకునే ఏర్పాటు. సరిగ్గా ఈ వయసులోనే ఇంట్లో బరువు మాటలు, డైటింగ్ మాటలు ఎక్కువగా విన్న పిల్లలు పెద్దయ్యాక తిండితో తగాదా పెట్టుకునే ప్రమాదం ఎక్కువ. కొందరు పస్తులుంటారు, కొందరు దాచుకుని ఆబగా తింటారు. మీ పాప ఇప్పుడు వదిలేసింది రెండు ఇడ్లీలే. కానీ "లావైపోతాను" అనే మాట తొమ్మిదేళ్లకే నోట్లోకి వచ్చిందంటే నాకు నిజంగా కంగారుగా ఉంది.

పైగా ఆ ఇడ్లీ చేసిన నేరమేమిటి? మీ అత్తయ్యగారు గుంటూరు వైపు పద్ధతిలో ఒక పాలు మినప్పప్పుకి రెండు పాళ్లు ఇడ్లీ రవ్వ కలిపి, రాత్రంతా పులియబెట్టి, చుక్క నూనె లేకుండా ఆవిరి మీద ఉడికిస్తారు. మినప్పప్పులో వంద గ్రాములకి ఇరవై గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది. పక్కన పల్లీ చట్నీ ఉంటే స్కూలుకెళ్లే పిల్లకి అంతకంటే మంచి టిఫిన్ నేను చెప్పలేను. కార్బ్స్ అంటే తిట్టు కాదు. మెదడు నడిచేది ఎక్కువగా దాని మీదే.

కాబట్టి పాప ముందు క్యాలరీ, కార్బ్స్, లావు, సన్నం, చీట్ మీల్ అనే మాటలు ఈ రోజు నుంచే బంద్ కావాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు రెండు దారులు చూపించను. పాపతో మాట్లాడాల్సింది మీరు కాదు, వాళ్ల నాన్న. మాట ఆయన నోటి నుంచి వచ్చింది, ఆయన నోటితోనే వెనక్కి పోవాలి. "నాన్నకి లివర్ బాగాలేదని డాక్టర్ చెప్పారు, ఇది నాన్న మందు లాంటిది. నువ్వు పెరుగుతున్నావు, నీకు ఆకలేసినంత తినాలి. ఇడ్లీ మంచిదే, నేను సరిగ్గా చెప్పలేదు." ఇంతే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. ఆ తర్వాత ఆదివారం పొద్దున పాప పక్కన కూర్చుని ఆయన కూడా రెండు ఇడ్లీలు తింటే పిల్లకి ఇంకా బాగా అర్థమవుతుంది.

పాప బరువు గురించి ఆయనకి నిజంగా అనుమానం ఉంటే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మన దేశపు పిల్లల కోసం తయారుచేసిన గ్రోత్ చార్టు మీద ఎత్తు, బరువు గుర్తుపెట్టి చెప్తారు. కాస్త ఎక్కువ ఉన్నా ఈ వయసులో సాధారణంగా తగ్గించమని చెప్పరు. బరువు అక్కడే ఉంచితే ఎత్తు పెరిగి సరిపోతుందంటారు. పాప ఇంకా డబ్బా వదిలేస్తుంటే, తిండి దాస్తుంటే, అద్దంలో పొట్ట పట్టుకుని చూసుకుంటుంటే, బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది.

ఇప్పుడు మీవారి సంగతి. ఆయన సాధించింది చిన్న విషయం కాదు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు బరువులో అయిదు శాతం తగ్గితేనే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. ఆయన పదహారు శాతం తగ్గారు. తండ్రిని అంత చిన్న వయసులో పోగొట్టుకున్న మనిషి తన రిపోర్టులో ఆ గతే చూసుకుని ఉంటారు. ఆ భయాన్ని ఆయన పట్టుకోగలిగింది ఒక్క త్రాసు ద్వారానే. తన భయం తగ్గించిన వస్తువు ఇంటిల్లిపాదినీ కాపాడుతుందని ఆయన నమ్మకం. మిమ్మల్ని వేధించాలని చేస్తున్నట్టు మీ ఉత్తరంలో నాకెక్కడా కనబడలేదు. అలాగని మీరు మౌనంగా భరించాలని కూడా నా ఉద్దేశం కాదు.

త్రాసుకి తెలిసిన దానికీ హద్దుంది. వంద గ్రాముల బియ్యం అంటే సుమారు 350 క్యాలరీలు. ఆ బియ్యమే ఉడికితే రెండున్నర, మూడు రెట్ల బరువు తూగుతుంది, వంద గ్రాముల అన్నంలో ఉండేది 130. యాప్‌లో బియ్యం అని ఉన్నచోట అన్నం బరువు వేస్తే లెక్క మూడింతలు తప్పుతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మీ యాప్‌లో ఏది వేశారో ఒకసారి చూసుకోండి.

నూనె విషయంలో మాత్రం ఆయన ఆందోళన న్యాయమైనదే. అడిగే తీరే బాగాలేదు. అన్నం తూచేవాళ్లు కూడా నూనెని వదిలేస్తుంటారు. ఒక పెద్ద గరిటెడు నూనెలో ఒక కప్పు అన్నానికి మించిన క్యాలరీలుంటాయి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకి 2,000 క్యాలరీలు తినే పెద్దవాళ్లకి 27 గ్రాముల నూనె చాలు, నెయ్యితో కలిపి. మీ ముగ్గురికీ పాపకీ కలిపి లెక్కవేస్తే నెలకి మూడు, మూడున్నర లీటర్లు. అంటే పులుసు గిన్నె దగ్గర నిలబడి ఆవిడని గరిటెలు లెక్కపెట్టమనక్కర్లేదు. నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో చూస్తే సరిపోతుంది. అయిదు, ఆరు అవుతుంటే అత్తయ్యగారితో మీరే మెల్లగా చెప్పండి: "అత్తయ్యా, ఈ నెల నాలుగు ప్యాకెట్లతో సరిపెడదామా? ఎక్కడ తగ్గించాలో మీకే తెలుస్తుంది." డెబ్భై రకాల కూరలు చేసిన చెయ్యి అది. వేపుడు తగ్గించి పులుసులు పెంచడం, పోపు చిన్న గరిటెలో వేయడం, వంకాయని ముందు కాస్త ఆవిరి పెట్టడం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవిడని దోషిగా నిలబెట్టకుండా పని అప్పజెప్పండి, అంతే తేడా.

ఇక మీ బరువు. మన దేశస్థులకి బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. మీది 29కి దగ్గర్లో ఉంది. ఆడవాళ్లకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. కాబట్టి తగ్గాలని మీరనుకోవడం సబబే. ఎలా తగ్గాలన్నది మీ ఇష్టం. నాకు కనబడే దారులు ఇవీ, వాటి మంచిచెడ్డలు ఇవీ.

మీవారి యాప్ ప్రకారమే నడవడం ఒకటి. ఇంట్లో గొడవ ఉండదు, మొదటి నెలలో బరువు కూడా గబగబా తగ్గుతుంది. కానీ 1,200 మీద ఎక్కువ రోజులు నిలబడలేరు. నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం రావచ్చు. కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఆపిన రోజు నుంచి కీటో అప్పుడు జరిగినట్టే తిరిగొస్తుంది. పైగా మీరు దొంగచాటుగా తినడం అలవాటవుతుంది. నాకు అన్నిటికంటే చెడ్డగా కనిపించేది అదే. యాప్ మీకు నచ్చితే ఉంచుకోండి, కానీ అంకె 1,500 దగ్గరికి మార్చి, అది మీ ఫోన్లో మీరు ఒక్కరే చూసుకునేలా పెట్టుకోండి.

అసలేమీ వద్దని గట్టిగా చెప్పేయడం ఇంకొకటి. కొన్నాళ్లు ప్రాణానికి హాయిగా ఉంటుంది. కానీ ఆయన భయం అలాగే ఉంటుంది, మీ మోకాళ్ల మీద బరువూ అలాగే ఉంటుంది, ఆయన మీద కోపంతో తినే ముద్దలు కొన్ని ఎక్కువవుతాయి. ఇది మనుషులందరూ చేసేదే.

మూడోది, తూకం లేకుండా కంచం సర్దుకోవడం. మీ ఇంటికి ఇది సరిపోతుందని నాకనిపిస్తోంది. మన భోజనంలో చిక్కేమిటంటే అన్నం కొండంత, కూర గోరంత. దాన్ని తిరగేయాలి. సగం కంచం కూర, ఆకుకూర, పచ్చి ముక్కలు. ఒక పావు అన్నం లేదా జొన్న రొట్టె, రాగి ముద్ద. మిగిలిన పావు ముద్దపప్పు, గుడ్డు, చేప, చికెన్ లాంటివి. పప్పుచారు పల్చగా కాచి అన్నం మీద పోసుకుంటే అందులో పప్పు నలుగురికీ కలిపి ఒక గుప్పెడే ఉంటుంది. దాన్ని పప్పు తిన్నట్టు లెక్క వేయకండి. ఆ రోజు పక్కన ఒక గుడ్డు వేసుకోండి. పెరుగన్నంలో కూడా అన్నం తగ్గించి పెరుగు పెంచండి.

మీకు రోజుకి 65 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ పడితే ఆకలి అదుపులో ఉంటుంది, కండ నిలుస్తుంది. పౌడర్ డబ్బా లేకుండానే ఇది కుదురుతుంది. పొద్దున రెండు గుడ్లలో 12 గ్రాములు. రోజు మొత్తం మీద రెండు గుప్పెళ్ల కందిపప్పు ఉడికించి తింటే 9. పావు లీటరు పెరుగులో 8. గ్లాసు పాలలో 6. పిడికెడు పల్లీల్లో 6. మనకి గుర్తుండదు గానీ అన్నం, రొట్టెల్లోనే 14 దాకా వస్తుంది. ఒక పూట చేపో చికెనో వంద గ్రాములు పడితే ఇంకో 20. నీచు తినని రోజున ఆ చోట 75 గ్రాముల పనీరు, ఉడికించిన సెనగలు. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరంతా అవరెకాయే కదా! మన అనపగింజలే అవి. అత్తయ్యగారి చేతి అనపగింజల కూర ఈ రెండు నెలలూ రోజు మార్చి రోజు తిన్నా నేను వద్దనను.

సాయంత్రం ఆరింటి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ రోజంతా అక్కడే జారుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకి తిని రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ కంచం ముందు కూర్చుంటే మధ్యలో ఎనిమిదిన్నర గంటలు. ఎవరికైనా ఆకలేస్తుంది. అయిదున్నరకే ఆఫీసులో డబ్బా తెరవండి: గుగ్గిళ్లో, వేయించిన సెనగలూ ఒక జామకాయో, ఉడికిన గుడ్డో. అది కడుపులో ఉంటే దర్శిని ముందు నుంచి మామూలుగా నడిచి వస్తారు. ఎప్పుడైనా బోండా తినాలనిపిస్తే ఒక ప్లేటు తీసుకుని, నలుగురి ముందే, రుచి తెలిసేలా తినండి. ఇంటికొచ్చి చెప్పండి.

ఈ పద్ధతిలో తగ్గడం నిదానంగా ఉంటుంది, నెలకి కిలోన్నర, రెండు కిలోలు. మూడు నెలలకి నాలుగైదు కిలోలు తగ్గితే చాలా మంచి ఫలితం కింద లెక్క. నెలసరి ముందు వారం ఒకటి రెండు కిలోలు నీటి బరువు కనబడుతుంది, దానికి బెంగ పడకండి. నెలకోసారి నడుము టేపుతో కొలుచుకోండి. వారానికి రెండు మూడు రోజులు ఇరవై నిమిషాలు కండకి పని చెప్పండి: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి ఆనించి పుషప్స్, రెండు నీళ్ల బాటిళ్లతో చేతులు ఎత్తడం. మొదలుపెట్టే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు ఒకసారి చేయించండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మీ కళ్లు తిరగడంలో దాని వాటా ఎంతో తెలియాలి కదా.

సంక్రాంతి గురించి అడిగారు. త్రాసు ఆయన తీసుకెళ్తానంటే తీసుకెళ్లనివ్వండి, తన కంచానికి వాడుకుంటారు. అడ్డం పడి పండగ పూట పంతం పెంచడం ఎందుకు? ఒక్క విషయం ఆయనకి ముందే చెప్పండి. ఒక కిలో అసలైన కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికి మించి 7,700 క్యాలరీలు తినాలి. మూడు రోజుల్లో నాలుగు అరిసెలు, రెండు గారెలు ఎక్కువ తింటే అంత అవదు. పండగ నుంచి రాగానే కనబడే రెండు కిలోలు చాలావరకు ఉప్పు, నీళ్లే. వచ్చిన వారం వరకు వెయింగ్ మెషిన్ ఎక్కకపోతే ఇద్దరికీ మంచిది.

ఈ మాటలన్నీ ఆయనతో ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది మిగిలింది. భోజనాల దగ్గర వద్దు, పాప ముందు వద్దు, ఆయన త్రాసు తీసిన క్షణంలో అసలే వద్దు. ఇద్దరూ నడకకి వెళ్లినప్పుడు చెప్పండి. "మామయ్యగారి విషయం నాకూ గుర్తుంది, మీరు తగ్గినందుకు నాకెంత ధైర్యంగా ఉందో చెప్పలేను. మీ కంచం మీరు తూచుకోండి, నేను అడ్డు రాను. నా కంచం నాకు వదిలేయండి, మూడు నెలల తర్వాత రిపోర్టులు నేనే చూపిస్తాను. పాప కంచం జోలికి మాత్రం మనిద్దరం వెళ్లొద్దు." ఆయన ఒప్పుకోవచ్చు, విసుక్కోవచ్చు. విసుక్కుంటే వాదించకుండా, చదువుకున్న డైటీషియన్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళదామని అడగండి. కొంత ఖర్చవుతుంది. కానీ మీరు చెబితే గొడవయ్యే మాట డైటీషియన్ చెబితే సలహా అవుతుంది.

ఆయన్ని కూడా ఒక కంట కనిపెడుతుండండి. 79 దగ్గర ఆగకుండా ఇంకా తగ్గాలంటున్నారా, తూచడం కుదరదని పెళ్లిళ్లకీ పేరంటాలకీ రావడం మానేస్తున్నారా, ఒక లడ్డు తిన్నందుకు రాత్రి పదకొండింటికి బయటికెళ్లి పరుగెడుతున్నారా, రోజుకి మూడు నాలుగుసార్లు బరువు చూసుకుంటున్నారా? వీటిలో ఏవైనా ఉంటే ఆయనకి సాయం కావాలని అర్థం. అప్పుడు డాక్టర్‌తో లివర్ స్కాన్ మళ్లీ చేయించి, ఇప్పుడు ఎంత బరువు ఉంటే చాలో ఆయనకి డాక్టర్ చేతే చెప్పించండి.